పాడైన కీబోర్డుతో, గరగరలాడే కేబుల్‌తో సోల్డరింగ్ నేర్చుకోవడం ఎలా?

"అడాప్టర్ పిన్నును ఒక పక్కకు నొక్కి పట్టుకుంటేనే కీబోర్డు ఆన్ అవుతోంది. విప్పి నేనే బాగు చేసుకోవచ్చా?" సంగీతం నేర్చుకునే ఇళ్ల నుంచి, భజన మండళ్ల నుంచి, చర్చి వాద్యబృందాల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. చేసుకోవచ్చు. సోల్డరింగ్ ఐరన్, అంటే సోల్డర్ అనే లోహపు తీగను కరిగించి భాగాలను అతికే వేడి మొన పరికరం, ఎన్నడూ పట్టనివారు కూడా చేసుకోవచ్చు. అయితే ఆ కీబోర్డు మీ మొదటి పని కాకూడదు, మూడో పని కావాలి.

వాద్య పరికరాల్లో ఎక్కువ భాగం చెడేది మనిషి చేయి తగిలే చోటే: ప్లగ్గులు, సాకెట్లు, వాల్యూం నాబ్‌లు. వాటి అతుకులు పెద్దవి, భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. ఫోను బోర్డు మీద చేయి తిరగాలంటే ఏళ్లు పడుతుంది. గిటారు కేబుల్ మీద ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

1. ఏది విప్పవచ్చు, ఏది విప్పకూడదు

ముందు ఈ గీత గీసుకోండి. బయట అడాప్టర్ ఉండి, లోపలికి 9 లేదా 12 వోల్టులు మాత్రమే వెళ్లే పరికరాలను విప్పవచ్చు. చిన్న కీబోర్డులు, గిటారు పెడళ్లు, బ్యాటరీతో నడిచే శ్రుతి పెట్టెలు ఈ కోవలోకి వస్తాయి. కేబుళ్లు, మామూలు ఎలక్ట్రిక్ గిటారు లోపలి తీగలు అన్నిటికన్నా నిరపాయం.

గోడ ప్లగ్గు తీగ నేరుగా లోపలికి వెళ్లే ఏ పరికరాన్నీ మొదటి ఏడాది ముట్టుకోకండి. యాంప్లిఫయర్లు, పవర్డ్ స్పీకర్లు, పెద్ద మిక్సర్లు, కొన్ని ఎలక్ట్రానిక్ తంబూరాలు ఇలాంటివే. 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చే ఎస్ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్ (ఛార్జిని నిల్వ ఉంచే భాగం) మీద సుమారు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసేశాక కూడా ఆ ఛార్జి కొంతసేపు నిలిచే ఉంటుంది. వాల్వులతో (గాజు గొట్టాలతో) పనిచేసే గిటారు యాంప్లిఫయర్లలో ఇంకా ఎక్కువ ఉంటుంది, ప్రాణం తీయగలదు. లిథియం బ్యాటరీ ఉన్న బ్లూటూత్ స్పీకర్లను కూడా పక్కన పెట్టండి. ఆ బ్యాటరీకి వేడి తగిలితే మంట లేవవచ్చు.

2. సామాను

ఇక్కడ పిసినారితనం చేస్తే నేర్చుకోవడం కష్టమవుతుంది. చవక ఐరన్‌తో అతుకు కుదరకపోతే చాలామంది తమ చేతిని నిందించుకుంటారు. నిజానికి తప్పు చాలాసార్లు ఐరన్ మొనది.

- సోల్డరింగ్ ఐరన్: ఉష్ణోగ్రత మార్చుకోగలిగిన 60 వాట్ల రకం. మామూలు 25 వాట్ల ఐరన్ చిన్న అతుకులకు పనికొస్తుంది. పెద్ద లోహపు ముక్కను తాకగానే మాత్రం చల్లబడిపోతుంది.
- మొన: ఉలి ఆకారంలో, 2 నుంచి 2.5 మి.మీ. వెడల్పు ఉన్నది. సూది మొన చూడటానికి బాగుంటుంది కానీ వేడిని అందించలేదు. పెట్టెలో సూది మొనే వస్తే ఉలి మొనను విడిగా కొనండి.
- సోల్డర్ తీగ: 63/37 రకం, 0.8 మి.మీ. మందం, లోపల రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ లోహానికి పట్టేలా చేసే, చెట్టు బంక నుంచి తీసిన పదార్థం) ఉన్నది. ఇందులో 63 శాతం తగరం, 37 శాతం సీసం. సరిగ్గా 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 కూడా ఫరవాలేదు. సీసం లేని రకాలు 217 డిగ్రీలు దాటితే గాని కరగవు, కొత్తవారికి లొంగవు.
- ఫ్లక్స్: రోజిన్ ఆధారిత ఫ్లక్స్ మాత్రమే. నీటి పైపులు అతికే ఆమ్లపు పేస్టు వాడితే నెలల తరువాత బోర్డు పచ్చబడుతుంది, ఆ ఆమ్లం తీగలను తినేస్తుంది.
- సక్కర్ (కరిగిన సోల్డర్‌ను పీల్చే చిన్న పంపు), విక్ (దాన్ని పీల్చుకునే రాగి జడ పట్టీ): పాత సోల్డర్‌ను తీయడానికి. రెండూ ఉండాలి.
- మల్టీమీటర్: వోల్టేజీ కొలిచేది, రెండు చోట్ల మధ్య కరెంటు దారి ఉంటే (కంటిన్యుటీ) బీప్ కొట్టేది. చవక రకమైనా చాలు.
- మిగతావి: బరువైన స్టాండు, మొన తుడుచుకునే ఇత్తడి పీచు, వైర్ స్ట్రిప్పర్, కట్టర్, ట్వీజర్లు, ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని తీగను బిగించే గొట్టం), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, చిన్న వైస్, కళ్లద్దాలు.

హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. వెళ్లినప్పుడే ఒక జీరో పీసీబీ (రంధ్రాలు, రాగి వలయాలు ఉన్న ఖాళీ బోర్డు), సాధనకు కొన్ని రెసిస్టర్లు (రెండు తీగ కాళ్లున్న చిన్న భాగాలు), గిటారు కేబుల్‌కు రెండు మూడు 6.35 మి.మీ. మోనో ప్లగ్గులు కూడా తెచ్చుకోండి. ఆ ప్లగ్గును దుకాణాల్లో పి-38 అని అడిగితే ఇస్తారు.

సోల్డరింగ్ చేస్తుంటే లేచే పొగ సీసానిది కాదు, ఫ్లక్స్‌ది. అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి. కిటికీ తెరిచి, పొగను ముఖానికి దూరంగా లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోండి. సీసం చేతులకు అంటుకుంటుంది కాబట్టి పని మధ్యలో ఏమీ తినకండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అన్నం తినే బల్ల మీద ఈ పని పెట్టుకోవద్దు. చిన్న పిల్లలను, గర్భిణులను దగ్గరకు రానివ్వవద్దు.

3. ఐరన్ వేడెక్కించే ముందు: తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

కొత్తవారు చేసే అతి పెద్ద పొరపాటు ఇక్కడే. మూత విప్పి, అనుమానం వచ్చిన ప్రతి అతుకునూ వేడిచేస్తారు. ఒక్క తప్పున్న బోర్డు కాస్తా అయిదు తప్పుల బోర్డు అవుతుంది. సోల్డరింగ్ అవసరమే లేని తప్పులు కూడా చాలా ఉన్నాయి.

ముందు మార్చి చూడండి. పని చేస్తుందని రూఢిగా తెలిసిన కేబుల్ పెట్టండి. అడాప్టర్ వోల్టేజీని మీటర్‌తో కొలవండి. హెడ్‌ఫోను పెట్టి వినండి. ఆ తరువాత లక్షణాన్ని బట్టి నడవండి:

- పిన్ను కదిపితే పనిచేసి, వదిలితే ఆగిపోతుంది: చాలాసార్లు సాకెట్ కాళ్ల దగ్గర అతుకు పగిలి ఉంటుంది. మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనేది దీన్నే. ఇది మీ పనే.
- వాల్యూం తిప్పినప్పుడు మాత్రమే గరగర: పాట్ (నాబ్ కింద ఉండే తిరిగే భాగం) లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. ఐరన్ అక్కర్లేదు.
- ఒకటి రెండు కీలు పలకవు: కీల కింద రబ్బరు పట్టీకి, బోర్డు మీది నల్లటి కార్బన్ చుక్కలకు మధ్య మురికి. పట్టీ ఎత్తి, దూదికి ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడవండి. ఆ కార్బన్ చుక్క మీద సోల్డర్ పడితే ఇక అంతే.
- ఒకే లెక్కన, అంటే ప్రతి కొన్ని కీలకు ఒకటి చొప్పున, కీలు పలకవు: బోర్డులను కలిపే రిబ్బన్ కేబుల్ గాని, దాని అతుకు గాని చూడండి.
- శబ్దం రాదు, పెద్ద హమ్ (గుయ్‌మనే మోత) మాత్రం వస్తుంది: కేబుల్‌లో గ్రౌండ్, అంటే బయటి జల్లెడ తీగ, తెగి ఉంటుంది.

కీబోర్డులో పాత సెల్స్ కారి ఉంటే ముందు ఆ పని చూడండి. ఆల్కలైన్ సెల్స్ నుంచి కారేది క్షారం కాబట్టి దూదితో కొద్దిగా వెనిగర్ అద్ది, తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. తుప్పు మీద సోల్డర్ పట్టదు. లోహం మెరిసేదాకా గీకిన తరువాతే తీగ అతకండి.

4. చేయి కుదరడానికి జీరో పీసీబీ

మొన ఉష్ణోగ్రతను 340 డిగ్రీలకు పెట్టండి. వేడెక్కాక ఇత్తడి పీచులో తుడిచి, మొనకు కొద్దిగా సోల్డర్ పూయండి. మొన వెండిలా మెరవాలి. నల్లగా ఉన్న మొన వేడిని అందించదు, ఎంత సేపు నొక్కినా లాభం లేదు.

ఇప్పుడు రెసిస్టర్ కాలును రంధ్రంలోంచి తీసి, ఈ క్రమంలో చేయండి:

1. మొన చదునైన వైపును రాగి వలయానికి, కాలుకు రెండిటికీ ఒకేసారి ఆనించండి. ఒక సెకను ఆగండి.
2. సోల్డర్ తీగను మొనకు ఎదుటి వైపు నుంచి, కాలుకు తాకించండి. మొనకు తాకించకండి.
3. సోల్డర్ చుట్టూ పారగానే తీగను వెనక్కి తీయండి.
4. అర సెకను ఆగి మొన తీయండి.
5. గడ్డకట్టేదాకా కదల్చకండి, ఊదకండి.

మొత్తం రెండు మూడు సెకన్ల పని. రెండో మెట్టు మీదే అంతా ఆధారపడి ఉంది. సోల్డర్‌ను మొన మీద కరిగించి, దాన్ని తెచ్చి అతుకు మీద పూయాలనిపిస్తుంది. అలా చేస్తే లోపలి ఫ్లక్స్ దారిలోనే కాలిపోతుంది. చల్లటి లోహం మీద పడిన సోల్డర్ అంటుకోదు, పైన కూర్చుంటుందంతే. అతకాల్సిన లోహమే వేడెక్కి సోల్డర్‌ను కరిగించాలి.

మంచి అతుకు కాలు చుట్టూ గుడారంలా వాలుగా దిగి, అంచు దగ్గర పలచబడి బోర్డులో కలిసిపోతుంది. ఉండ కట్టి, అంచు కింద సన్నని సందు కనిపిస్తే అది అతుకు కాదు. సీసమున్న సోల్డర్ బూడిదరంగులో గరుకుగా కనిపించినా అనుమానించండి. కంపెనీ నుంచి సీసం లేని సోల్డర్‌తో వచ్చిన బోర్డుల మీద మాత్రం అతుకులు కాస్త మసకగానే ఉంటాయి. అక్కడ మెరుపును కాకుండా అంచును చూసి తీర్పు చెప్పండి.

వరసగా పది అతుకులు బాగా వచ్చేదాకా వేయండి. తరువాత వాటినే సక్కర్‌తో, విక్‌తో తీయండి. వేయడం కన్నా తీయడమే కష్టం. మరమ్మతులో సగం పని తీయడమే.

5. మొదటి పని: గిటారు కేబుల్

తెగిన కేబుల్‌లో తప్పు దాదాపు ఎప్పుడూ ప్లగ్గుకు నాలుగు అంగుళాల లోపే ఉంటుంది. మీటర్‌ను బీప్‌లో పెట్టి దాని రెండు తీగలతో ఒక ప్లగ్గు మొనను రెండో ప్లగ్గు మొనకు, తరువాత స్లీవ్‌ను (మొన వెనక ఉండే లోహపు గొట్టం) స్లీవ్‌కు కలపండి. ఒక్కో కొనను వంచుతూ వినండి. ఎక్కడ వంచితే బీప్ ఆగుతుందో అక్కడే తెగింది. ఆ ప్లగ్గు వైపు, తెగిన చోటు దాటేలా కేబుల్‌ను కత్తిరించి పారేయండి.

మొట్టమొదట ప్లగ్గు వెనక మూతను, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని కేబుల్‌కు ఎక్కించండి. ఇది మరిచిపోయి, అందంగా అతికాక మళ్లీ విప్పనివారు అరుదు.

పై తొడుగును దాదాపు 15 మి.మీ. వలవండి. జల్లెడ తీగలను విప్పి, ఒక పక్కకు మెలిపెట్టండి. ఇప్పుడు దగ్గరగా చూడండి. చాలా గిటారు కేబుళ్లలో జల్లెడకు కింద, లోపలి తీగ తొడుగు మీద ఇంకో నల్లటి పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలు తొడుగులా కనిపిస్తుంది గాని దాని గుండా కొద్దిగా విద్యుత్తు పారుతుంది. కేబుల్ కదిలినప్పుడు వచ్చే టకటక శబ్దాన్ని అణచడానికి దాన్ని పెడతారు. ఆ నల్ల పొర లోపలి తీగకు గాని, మొన లగ్‌కు (ప్లగ్గు మొనకు వెళ్లే తీగను అతికే లోహపు చెవి) గాని తగిలితే శబ్దం గ్రౌండ్‌లోకి కారిపోతుంది, లేదా పీలగా వస్తుంది. అతుకులన్నీ బాగున్నా కేబుల్ పనిచేయడం లేదని తలపట్టుకునేవారికి కారణం చాలాసార్లు ఇదే. నల్ల పొరను వెనక్కి, జల్లెడ మొదలుదాకా గీకి తీసేయండి. ఆ కింద తెల్లటి లేదా పారదర్శక తొడుగు కనిపిస్తుంది. దాని కొసన 4 మి.మీ. మాత్రం వలవండి.

తరువాతి క్రమం:

- రెండు తీగలకూ, ప్లగ్గు రెండు లగ్గులకూ విడివిడిగా పలచగా సోల్డర్ పూయండి.
- ప్లగ్గును వైస్‌లో పట్టించండి.
- మధ్య తీగను చిన్న లగ్‌కు, అంటే మొనకు వెళ్లేదానికి, అతకండి.
- జల్లెడను పెద్ద లగ్‌కు అతకండి. అది వేడిని బాగా లాగేస్తుంది. ఉష్ణోగ్రతను 370 డిగ్రీలకు పెంచి త్వరగా ముగించండి. తక్కువ వేడితో ఎక్కువసేపు పట్టుకుంటేనే లోపలి తొడుగు కరుగుతుంది.
- ప్లగ్గు బిగింపు చెవులను పై తొడుగు మీద నొక్కండి. లాగుడు తొడుగు మోయాలి, అతుకు మోయకూడదు.
- మొనకు, స్లీవ్‌కు మధ్య బీప్ రాకూడదు. వస్తే ఎక్కడో ఒక జల్లెడ పోగు మధ్య తీగను తాకుతోంది.

మైకు కేబుళ్ల ఎక్స్ఎల్ఆర్ ప్లగ్గులకూ పద్ధతి ఇదే. 1వ పిన్ను జల్లెడ, 2 హాట్, 3 కోల్డ్ (ఈ రెండూ శబ్దాన్ని మోసే తీగలు). రెండు కొనల్లోనూ అంకెలు సరిపోవాలి. అతికేటప్పుడు దాని జతను, అంటే మగ ప్లగ్గుకు ఆడ ప్లగ్గును, తొడిగి ఉంచండి. ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వంకర పోవు.

6. రెండో పని: గిటారు జాక్

జాక్ వదులైతే ముందు నట్టు బిగించండి. తిరిగి తిరిగి తీగ తెగి ఉంటే పాత సోల్డర్ తీసి మళ్లీ అతకండి. ఏ తీగ ఏ లగ్‌కు ఉందో ముందే ఫోటో తీసుకోండి. గిటారు పూత మీద సోల్డర్ చుక్క పడకుండా మందపాటి గుడ్డ కప్పండి. పాట్ వెనక లోహపు డబ్బాకు గ్రౌండ్ తీగ అతకాల్సి వస్తే, ముందు ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, ఫ్లక్స్ పూసి, వెడల్పు మొనతో 400 డిగ్రీల దగ్గర చేయండి. అయిదు సెకన్లలో కుదరకపోతే ఆపి చల్లారనివ్వండి. లోపలి కార్బన్ పట్టీ మాడితే పాట్ మార్చాల్సిందే.

7. మూడో పని: కీబోర్డు పవర్ సాకెట్

అడాప్టర్ పీకేయండి, సెల్స్ తీసేయండి. కీబోర్డును మెత్తటి దుప్పటి మీద బోర్లా పెట్టండి. స్క్రూలు చాలా ఉంటాయి, పొడవులు వేరు వేరు. ఒక అట్ట మీద కీబోర్డు బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే గుచ్చండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట పడితే పై ప్లాస్టిక్‌ను పొడుచుకు వస్తుంది.

మూతను ఒక్కసారిగా ఎత్తకండి. స్పీకర్ తీగలు, రిబ్బన్ కేబుళ్లు రెండు సగాలనూ కలిపి ఉంటాయి. అడుగడుగునా ఫోటో తీయండి. రిబ్బన్‌కు తాళపు పట్టీ ఉందేమో చూసి, దాన్ని తెరిచాకే తీయండి.

సాకెట్ ఉన్న చిన్న బోర్డును తిప్పి, దీపం ఏటవాలుగా పెట్టి కాళ్ల చుట్టూ చూడండి. అతుకులో కాలు చుట్టూ వెంట్రుకవాసి నల్లటి వలయం కనిపిస్తే రోగం దొరికినట్టే. పిన్ను తొడిగిన ప్రతిసారీ కాలు ఊగి ఊగి సోల్డర్‌ను పగలగొట్టింది. కంటికి కనిపించకపోతే అడాప్టర్ పెట్టి, మీటర్‌ను వోల్టుల్లో ఉంచి, పిన్నును కదుపుతూ బోర్డు మీద కొలవండి. కొలిచేటప్పుడు మీటర్ మొనలు పక్క కాళ్లను కలపకుండా చూసుకోండి.

సాకెట్‌కు సాధారణంగా మూడు కాళ్లు ఉంటాయి: మధ్య పిన్నుది, బయటి స్ప్రింగుది, స్విచ్చిది. అడాప్టర్ తొడగనప్పుడు స్విచ్చి కాలు బయటి స్ప్రింగుకు కలిసి ఉంటుంది, తొడగగానే విడిపోయి సెల్స్‌ను పక్కన పెడుతుంది. అందుకే ఈ సాకెట్ చెడితే సెల్స్‌తో కూడా కీబోర్డు ఆన్ కాకపోవచ్చు. సెల్స్ వేసినా ఆన్ కాలేదు కాబట్టి మెయిన్ బోర్డు పోయిందని తేల్చేయకండి.

వలయం మాత్రమే పగిలితే సాకెట్ మార్చనక్కర్లేదు. పాత సోల్డర్‌ను తీసేసి, ఫ్లక్స్ పూసి, కొత్తది వేయండి. పగిలిన పాతదాన్నే మళ్లీ కరిగిస్తే కొన్నాళ్లు నడిచి మళ్లీ పగులుతుంది. ఆ సోల్డర్‌లో ఫ్లక్స్ మిగిలి ఉండదు.

లోపలి స్ప్రింగు సడలితే మార్చక తప్పదు. పాత సోల్డర్ మీద కొత్త సోల్డర్ కొద్దిగా కలిపి కరిగించండి. వింతగా అనిపించినా అప్పుడే సక్కర్ బాగా లాగుతుంది. మిగిలినదాన్ని విక్‌తో తీయండి. ప్రతి కాలూ రంధ్రంలో కదులుతోందని ట్వీజర్‌తో చూసుకున్నాకే సాకెట్‌ను ఎత్తండి. ఎత్తకపోతే లాగకండి, మళ్లీ విక్ పెట్టండి. కొత్త సాకెట్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. మధ్య పిన్ను 2.1 మి.మీ. ఉన్నవి, 2.5 మి.మీ. ఉన్నవి చూడటానికి ఒకేలా ఉంటాయి.

అడాప్టర్ ధ్రువాలు కూడా సరిచూసుకోండి. పాత కాసియో కీబోర్డుల్లో చాలావాటికి 9 వోల్టులు, మధ్యలో మైనస్. యమహా పీఏ-130 అడాప్టర్‌కు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. గిటారు పెడళ్లలో ఎక్కువ భాగం 9 వోల్టులు, మధ్యలో మైనస్. పరికరం మీద, అడాప్టర్ మీద ఉన్న చిన్న వలయపు గుర్తు రెండిట్లోనూ ఒకటే ఉండాలి.

8. తప్పు జరిగితే

రాగి వలయం లేచిపోయింది. ఎక్కువసేపు వేడిచేస్తే, లేదా కాలు వదలకముందే లాగితే ఇలా అవుతుంది. బోర్డు పోయినట్టు కాదు. ఆ వలయం నుంచి వెళ్లే గీతను వెతకండి, దాని తరువాతి అతుకు దాకా సన్నని తొడుగు తీగతో వంతెన వేయండి. బీప్‌తో సరిచూడండి.

పక్క పక్క కాళ్లు కలిసిపోయాయి. ఫ్లక్స్ పూసి, శుభ్రమైన మొనను మధ్యగా లాగండి. పోకపోతే విక్.

సోల్డర్ అస్సలు పట్టడం లేదు. లోహం మురికిగానో, తుప్పుతోనో ఉంది. మన తీరప్రాంత ఊళ్లలో ఉప్పు గాలికి ప్లగ్గుల లగ్గులు త్వరగా మసకబారతాయి. గీకి, ఫ్లక్స్ పూసి మళ్లీ చేయండి. ఉష్ణోగ్రత పెంచడం చివరి మార్గం.

మొన నల్లబడింది. ఖాళీగా గంటలకొద్దీ వేడిగా వదిలేశారు. ఇత్తడి పీచులో తుడుస్తూ కొత్త సోల్డర్ పూయండి. గరుకు కాగితంతో రుద్దితే పై ఇనుప పూత పోయి మొన త్వరగా గుంతలు పడుతుంది. ఆపేసే ముందు మొనకు దండిగా సోల్డర్ పూసి ఆపండి.

కెపాసిటర్ తిరగబడింది. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ ఒంటి మీది చార మైనస్ వైపును చూపుతుంది. తిప్పి పెట్టి ఆన్ చేస్తే ఉబ్బి పగలవచ్చు. వోల్టేజీ విలువ పాతదానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి, తక్కువ మాత్రం ఉండకూడదు.

9. ఆన్ చేసే ముందు, చేశాక

- ఫ్లక్స్ మురికిని ఆల్కహాల్, బ్రష్‌తో కడిగి ఆరనిచ్చారా?
- కత్తిరించిన కాళ్ల ముక్కలు, సోల్డర్ చుక్కలు లోపల పడి లేవు కదా? తలకిందులు చేసి దులపండి.
- సాకెట్ ప్లస్, మైనస్‌ల మధ్య బీప్ ఆగకుండా వస్తోందా? ఒక క్షణం వచ్చి ఆగితే కెపాసిటర్ ఛార్జి అవుతోందని అర్థం, భయం లేదు. ఆగకపోతే ఆన్ చేయవద్దు.
- రిబ్బన్ కేబుళ్లు సూటిగా కూర్చున్నాయా? తాళపు పట్టీలు మూశారా?
- వాల్యూం సున్నాలో ఉందా?

స్క్రూలన్నీ బిగించకముందే ఆన్ చేయండి. కాలిన వాసన గాని, ఏదైనా భాగం వేడెక్కడం గాని ఉంటే వెంటనే తీసేయండి. అంతా బాగుంటే పిన్నును నాలుగు వైపులా మెల్లగా కదిపి చూడండి. అదరకుండా నడిస్తేనే మూత బిగించండి.

చివరగా అడాప్టర్ తీగను కీబోర్డు స్టాండు కాలుకు ఒక వెల్క్రో పట్టీతో కట్టి, సాకెట్ దగ్గర జానెడు వదులు ఉంచండి. తీగ బరువంతా పిన్ను మీద వేలాడితే మీరు వేసిన మంచి అతుకు కూడా పాతదాని దారినే పడుతుంది.